కొత్త మదర్‌బోర్డు: హీట్‌సింక్ కింద ఏముంది?

2024 జూన్‌లో తైపేలో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శనలో ఏఎండీ సంస్థ ఎక్స్870ఈ, ఎక్స్870 అనే కొత్త చిప్‌సెట్లను ప్రకటించింది. వాటితో తయారైన మదర్‌బోర్డులు అదే ఏడాది సెప్టెంబరు 30న అమ్మకానికి వచ్చాయి. ఈ రెండు తేదీల నడుమ కంప్యూటర్ పత్రికలన్నీ ఆ బోర్డుల ముందస్తు పరిచయాలతో నిండిపోయాయి. నల్లటి లోహపు కవచాలు, రంగురంగుల లైట్లు, చిన్న ఎల్‌సీడీ తెరలు, పద్దెనిమిది ఫేజులు, ఐదు ఎస్ఎస్‌డీ స్లాట్లు. ఆ హడావిడిలో చాలామంది కళ్లు దాటిపోయిన సంగతి ఒకటుంది. ఎక్స్870ఈ బోర్డుల్లో కూర్చున్నవి ప్రొమొంటరీ 21 అనే చిప్పులు రెండు. 2022లో వచ్చిన ఎక్స్670ఈ బోర్డుల్లో ఉన్నవీ అవే రెండు.

అలాగని కొత్త బోర్డులో కొత్తదేమీ లేదనడం అన్యాయం. యూఎస్‌బీ4 పోర్టులు ఎక్స్870 తరంలో తప్పనిసరి అయ్యాయి. వైఫై 7 వచ్చింది. ఎస్ఎస్‌డీని స్క్రూడ్రైవర్ లేకుండా బిగించే ఏర్పాటు చాలా బోర్డుల్లోకి దిగింది. కానీ కొనేవాడికి తెలియాల్సింది వేరు. ప్రాసెసర్ అదే, ర్యామ్ అదే, గ్రాఫిక్స్ కార్డు అదే అయినప్పుడు మామూలు బోర్డుకు మూడు, నాలుగు రెట్లు పోసి ఔత్సాహికుల బోర్డు కొంటే వచ్చేదేమిటి? బోర్డు చేతికి రాకముందే రాసిన పరిచయం చదివి అందులో ఎంత నమ్మవచ్చు?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు సూటి జవాబు ఉండేది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. అంటే 66 మెగాహెర్ట్జ్ బస్సును నాలుగున్నరతో హెచ్చించగా వచ్చిన వేగం. తైవాన్‌కు చెందిన ఎబిట్ సంస్థ బీహెచ్6 అనే బోర్డులో బస్సు వేగాన్ని జంపర్లు పీకి మార్చే పని లేకుండా బయోస్ తెర మీదే మార్చుకునే వీలు ఇచ్చింది. 66ను 100 చేస్తే అదే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్ దగ్గర పరుగెత్తేది. యాభై శాతం లాభం, అదీ పైసా అదనంగా పెట్టకుండా. మరుసటి ఏడాది ఎబిట్ బీపీ6 తెచ్చి, ఒకే బోర్డు మీద రెండు సెలెరాన్లు పెట్టుకోనిచ్చింది. ఇంటెల్ ఆ ప్రాసెసర్‌ను అలా వాడాలని ఎన్నడూ ఉద్దేశించలేదు. ఆ రోజుల్లో బోర్డు మంచిదైతే కంప్యూటర్ వేగం నిజంగానే మారిపోయేది. పదేళ్లు తిరక్కుండానే, 2008 చివర్లో, ఎబిట్ మదర్‌బోర్డుల వ్యాపారం మానుకుంది.

ఆ పదేళ్లలో జరిగిన మార్పు ఒక్క కంపెనీ లాభనష్టాలతో ముగిసేది కాదు. బోర్డు చేసే పనులను ప్రాసెసర్ ఒక్కొక్కటిగా తనలోకి లాక్కుంది. ర్యామ్‌ను నడిపించే కంట్రోలర్ 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ ప్రాసెసర్‌లోకి చేరింది. ఇంటెల్ ఆ పని 2008లో నెహాలెమ్‌తో చేసింది. 2009లో గ్రాఫిక్స్ కార్డుకు డేటా చేరవేసే దారులు (లేన్లు) కూడా ప్రాసెసర్‌లోకి వెళ్లడంతో బోర్డు నడిబొడ్డున ఉండే నార్త్‌బ్రిడ్జ్ చిప్పు అవసరమే లేకుండా పోయింది. ఆఖరికి వేగం పెంచే ఓవర్‌క్లాకింగ్ కూడా అదే దారి పట్టింది. ఇవాళ్టి ప్రాసెసర్ తన వేడిని, తనకు అందుతున్న కరెంటును సెకనుకు ఎన్నో సార్లు చూసుకుని, వెళ్లగలిగినంత వేగానికి తానే వెళ్తుంది. మనిషి చేతితో మార్చి రాబట్టగలిగేది చాలా సందర్భాల్లో కొద్ది శాతమే. 2013 జనవరిలో ఇంటెల్ సొంతంగా డెస్క్‌టాప్ బోర్డులు తయారుచేయడం ఆపేస్తున్నట్టు చెప్పింది. ఇప్పుడు ఈ రంగాన్ని నడిపిస్తున్నవి ప్రధానంగా నాలుగు తైవాన్ కంపెనీలు: ఆసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఎఎస్‌రాక్.

అందుకే ఈనాటి పరిచయ వ్యాసంలో బోర్డు ఎంత వేగం ఇస్తుందన్న ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. రెండు మంచి బోర్డుల మీద ఒకే ప్రాసెసర్ పెట్టి ఆట ఆడిస్తే తేడా కొలిచే సాధనాలకే తెలుస్తుంది, ఆడేవాడికి తెలియదు. చూడవలసినవి వేరే ఉన్నాయి.

మొదటిది కరెంటు. పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది ఒక వోల్టు, ఆ పైన కొంచెం. ఈ మార్పు చేసేదే సాకెట్ చుట్టూ, హీట్‌సింకుల కింద ఉండే వీఆర్ఎం. ఈ ఏఎండీ బోర్డుల్లోని ఏఎం5 సాకెట్‌లో పెద్ద ప్రాసెసర్ 230 వాట్ల దాకా తీసుకోవచ్చు. అంత విద్యుత్తును 1.2 వోల్టుల దగ్గర అందించాలంటే 190 ఆంపియర్లకు పైగా పారాలి. ఆ భారాన్ని ఒక్క భాగం మోయలేదు కాబట్టి పక్కపక్కన అమర్చిన పవర్ స్టేజీలు పంచుకుంటాయి. వాటి సంఖ్యే ప్రకటనల్లో కనిపించే 18+2+2, 24+2+1 వంటి ఫేజుల లెక్కలు. ఆసుస్ ఆర్ఓజీ క్రాస్‌హెయిర్ ఎక్స్870ఈ హీరోలో ప్రాసెసర్ కోర్ల కోసం 110 ఆంపియర్ల స్టేజీలు పద్దెనిమిది ఉన్నాయి. ఎఎస్‌రాక్ ఎక్స్870ఈ తైచీలో ఇరవై నాలుగు. ఇప్పుడు గుణించి చూడాలి. పద్దెనిమిదిని నూట పదితో గుణిస్తే 1,980 ఆంపియర్లు. ప్రాసెసర్‌కు కావలసినదానికి ఇది పది రెట్లు.

ఈ మిగులంతా వృథా అనుకోనక్కర్లేదు. భారం ఎంత పలచగా పంచుకుంటే ఒక్కో స్టేజీ అంత చల్లగా ఉంటుంది. ఇక్కడ తెలుగు పాఠకులు గమనించాల్సిన విషయం ఒకటుంది. విదేశీ పత్రికల పరీక్షలు ఎక్కువగా ఏసీ గదుల్లో, ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర జరుగుతాయి. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ఏసీ లేని గదిలో వీడియో రెండర్ చేసేవాడి బోర్డు వేడి ఆ పరీక్షలో కనిపించినదానికి బాగా పైన ఉంటుంది. కాబట్టి పన్నెండు, పద్నాలుగు మంచి స్టేజీలు, వాటి మీద అలంకారం కోసం చెక్కిన దిమ్మె కాకుండా గాలి దూరే రెక్కలున్న హీట్‌సింకు ఉంటే చాలు. ఆ పైన పెరిగే అంకెలు ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులు కొట్టేవారికే పనికొస్తాయి. వాళ్ల సంఖ్య ఎంత చిన్నదో ఆ బోర్డులు కొనేవాళ్ల సంఖ్య అంత చిన్నది కాదు. ఆ తేడాలోనే కంపెనీల లాభం ఉంది.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, లేన్ల పంపకం. పరిచయ వ్యాసాలు ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇక్కడే. ప్రాసెసర్ నుంచి బయటికి వచ్చే పీసీఐఈ లేన్లు ఒక చెరువు నీళ్ల లాంటివి. తూములు ఎన్ని తవ్వినా నీళ్లు పెరగవు. ఏఎం5 ప్రాసెసర్‌లో 28 లేన్లు ఉంటాయి. నాలుగు చిప్‌సెట్‌తో మాట్లాడటానికి పోతాయి. మిగిలిన ఇరవై నాలుగింటిలో పదహారు గ్రాఫిక్స్ కార్డుకు, నాలుగు మొదటి ఎస్ఎస్‌డీకి, ఇంకో నాలుగు బోర్డు తయారీదారు ఇష్టానికి. ఎక్స్670ఈ రోజుల్లో ఈ ఆఖరి నాలుగింటితో చాలామంది రెండో వేగవంతమైన ఎస్ఎస్‌డీ స్లాటు ఇచ్చారు. ఎక్స్870ఈలో యూఎస్‌బీ4 తప్పనిసరి చేయడంతో ఆ నాలుగూ సాధారణంగా యూఎస్‌బీ4 చిప్పుకు పోయాయి. మరి కొత్త బోర్డులో పీసీఐఈ ఐదో తరానికి చెందిన రెండో, మూడో ఎస్ఎస్‌డీ స్లాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? గ్రాఫిక్స్ కార్డు వాటాలోంచి. క్రాస్‌హెయిర్ హీరోలో ఆ స్లాట్లలో ఎస్ఎస్‌డీ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డుకు పదహారు లేన్లు పోయి ఎనిమిదే మిగులుతాయి. ఈ మాట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

దీనివల్ల నష్టం ఎంత? 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 వంటి పెద్ద కార్డుకు కూడా ఐదో తరం ఎనిమిది లేన్లు ఇచ్చి పరీక్షిస్తే ఆటల్లో తగ్గింది ఒకటి రెండు శాతమే. నాలుగో తరం కార్డును ఎనిమిది లేన్ల మీద నడిపితే మాత్రం దారి మళ్లీ సగానికి తగ్గుతుంది. పాత కార్డుతో కొత్త బోర్డుకు మారేవాళ్లు ఇది చూసుకోవాలి. ఇంకో ఇరుకు చిప్‌సెట్ దగ్గర ఉంది. ఎక్స్870ఈలోని రెండు చిప్పులూ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. వాటికి తగిలించిన ఎస్ఎస్‌డీలు, యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్ అంతా కలిసి ప్రాసెసర్‌ను చేరే దారి నాలుగో తరం లేన్లు నాలుగే. సెకనుకు సుమారు 8 గిగాబైట్లు. ఒక్క మంచి నాలుగో తరం ఎస్ఎస్‌డీయే 7 గిగాబైట్లు లాగేయగలదు. ఐదు ఎస్ఎస్‌డీ స్లాట్లు ఉన్నాయని మురిసిపోయేవాళ్లు అందులో ఎన్ని ఈ ఒక్క దారి మీద ఆధారపడ్డాయో లెక్కపెట్టుకోవాలి.

ఈ ఒక్క విషయంలో 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ జెడ్890 బోర్డుల అమరిక మెరుగ్గా ఉంది. కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్ల నుంచి ఐదో తరం లేన్లు ఇరవై, నాలుగో తరం లేన్లు నాలుగు వస్తాయి. చిప్‌సెట్‌కు వెళ్లే దారి ఏఎండీ దారికి రెట్టింపు వెడల్పు. పైగా రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులకు కావలసినది ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి వాటి కోసం పీసీఐఈ లేన్లు వదులుకోనక్కర్లేదు. వీడియో ఎడిటింగ్ చేస్తూ నాలుగైదు ఎస్ఎస్‌డీలు, బయటి స్టోరేజీ ఒకేసారి వాడేవారికి ఇది పనికొచ్చే తేడా. ఆటల వేగంలో మాత్రం ఆ ప్రాసెసర్లు విడుదలనాడు ఏఎండీ ఎక్స్3డీ రకాల ముందు తేలిపోయాయి.

ర్యామ్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బోర్డు పెట్టె మీద 8000, 9000 అని ముద్రించిన వేగాలు ఆ బోర్డు మీద ఎవరో ఒకసారి సాధించినవి, అందరికీ అందే హామీ కాదు. ఏఎం5లో రెండు స్టిక్కులతో 6000 దగ్గర ఆగితే ఖర్చుకు తగ్గ ఫలితం వస్తుంది. నాలుగు స్లాట్లూ నింపితే ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600కి పడిపోతుంది. ఇప్పుడు రెండు 16లు కొని తర్వాత ఇంకో రెండు వేద్దామనే పాత అలవాటు డీడీఆర్5 దగ్గర చెల్లదు. మొదట్లోనే రెండు 32లు కొనడం మేలు. ఇంకో మాట. కొత్త ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తెర నల్లగానే ఉంటుంది. బోర్డు చచ్చిపోయిందని కంగారుపడి కరెంటు తీసేసేవాళ్లు ఎందరో. ఖరీదైన బోర్డుల మీద మూలన ఉండే రెండంకెల డిస్‌ప్లే విలువ అప్పుడు తెలుస్తుంది. అంకెలు మారుతుంటే పని జరుగుతున్నట్టే. లైట్లకు, ఎల్‌సీడీ తెరకు పెట్టే డబ్బుతో పోలిస్తే ఆ చిన్న డిస్‌ప్లే, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్, ఈ రెండూ ఎన్నో రెట్లు విలువైనవి. ప్రతి మధ్యస్థ బోర్డులోనూ ఇవి ఉండాలని ఔత్సాహికులు గట్టిగా అడగాలి.

ఇక ఏ ముందస్తు పరిచయమూ చూపించలేనిది బయోస్. అంటే, బోర్డు అమ్మిన తర్వాత కంపెనీ దాని బయోస్‌ను ఎన్నేళ్లు పట్టించుకుంటుందన్నది.

ఏఎం5కు ముందు తరమైన ఏఎం4 సాకెట్ బోర్డులను 2017లో కొన్నవారి అనుభవం దీనికి మంచి ఉదాహరణ. 2020లో రైజెన్ 5000 ప్రాసెసర్లు రాబోతున్నప్పుడు పాత 400 శ్రేణి బోర్డుల మీద అవి పనిచేయవని ఏఎండీ మొదట చెప్పింది. వినియోగదారులు గట్టిగా అడిగాక మాట మార్చుకుంది. 2017 నాటి 300 శ్రేణి బోర్డులున్నవారు 2022 దాకా ఆగాల్సి వచ్చింది. చెప్పిన కారణాల్లో ఒకటి చాలా చిన్న వస్తువు: అనేక పాత బోర్డుల్లో బయోస్ చిప్పు సైజు 16 మెగాబైట్లే. అన్ని తరాల ప్రాసెసర్లకు కావలసిన కోడ్ అందులో పట్టదు. కొందరు తయారీదారులు పాత ప్రాసెసర్ల మద్దతు తీసేసి కొత్తవాటికి చోటు చేశారు. చివరికి 2017 నాటి బోర్డు మీద 2022 నాటి 5800ఎక్స్3డీ పెట్టి, బోర్డు మార్చకుండా ఇంకొన్నేళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. ఏ ఓవర్‌క్లాకింగూ ఇవ్వలేని వేగం ఒక బయోస్ ఫైలు ఇచ్చింది. ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి ఇప్పుడు ఎక్స్870ఈ కొనేవారికి ఆ ఆశ ఉంది. ఇంటెల్ తన ఎల్‌జీఏ1851 సాకెట్ విషయంలో అలాంటి మాట ఇవ్వలేదు.

బయోస్ మేలు చేసినట్టే కీడూ చేయగలదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని ఏఎం5 బోర్డుల మీద రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు ఉబ్బి, కాలిపోయిన ఫొటోలు బయటికొచ్చాయి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో సెట్టింగ్ వేయగానే బోర్డులు ప్రాసెసర్‌లోని ఒక భాగానికి అవసరానికి మించిన వోల్టేజీ ఇస్తున్నాయని తేలింది. ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేస్తూ కొత్త కోడ్ పంపింది. మరుసటి ఏడాది ఇంటెల్ వంతు. 13వ, 14వ తరం పెద్ద ప్రాసెసర్లు ఆటల మధ్యలో కుప్పకూలడం మొదలైంది. కోర్ ఐ9-14900కె గరిష్ఠ పరిమితి 253 వాట్లు అని ఇంటెల్ పత్రాల్లో ఉంటే, చాలా ఔత్సాహికుల బోర్డులు ఆ పరిమితిని పూర్తిగా ఎత్తేసి అమ్మకానికి వచ్చాయి. పరీక్షల్లో తమ బోర్డు ఒకటి రెండు శాతం పైన కనిపించాలన్న పోటీయే అందుకు కారణం. 2024 సెప్టెంబరులో ఇంటెల్ అసలు మూలాన్ని వివరిస్తూ, ఎక్కువ వోల్టేజీ, వేడి వల్ల ప్రాసెసర్‌లోని క్లాక్ సర్క్యూట్ త్వరగా అరిగిపోతోందని చెప్పింది. దానికి దారితీసిన నాలుగు పరిస్థితులు చెప్పింది. తన మైక్రోకోడ్ లోపాలను ఒప్పుకుంటూనే, బోర్డుల కరెంటు సెట్టింగులు తన సూచనలను మించడాన్ని కూడా ఆ జాబితాలో పెట్టింది. వారంటీని రెండేళ్లు పొడిగించింది.

ఇందులో పత్రికల వాటా కూడా ఉంది. విడుదల రోజున పక్కపక్కన గీసిన పట్టికల్లో ఒక శాతం ముందున్న బోర్డును మెచ్చుకున్నంత కాలం, పరిమితులు ఎత్తేసిన సెట్టింగులతోనే బోర్డులు వస్తాయి. కొత్త బోర్డును పరిచయం చేసేవారు చేయవలసిన మొదటి పని, పెట్టెలోంచి తీసినప్పుడు దాని వోల్టేజీలు, వాట్ల పరిమితులు ఎలా ఉన్నాయో చూసి రాయడం.

తొలిచూపుకు అందని లోపాలు ఇంకా ఉంటాయి. 2011 జనవరి చివర ఇంటెల్ తన 6 శ్రేణి చిప్‌సెట్లను వెనక్కి పిలిచింది. ఒక ట్రాన్సిస్టర్ రూపకల్పనలో తప్పు వల్ల సాటా పోర్టులు కొన్ని కాలక్రమంలో పాడయ్యే ప్రమాదం ఉందని చెప్పింది. మార్చి ఇవ్వడానికి, మరమ్మతులకు 70 కోట్ల డాలర్లు అవుతుందని అప్పట్లో అంచనా వేసింది. అప్పటికే ఆ బోర్డులకు పత్రికలు మంచి మార్కులు వేసేశాయి. వేసినవాళ్ల తప్పేమీ లేదు. వారం రోజుల పరీక్షలో ఏళ్ల మీద బయటపడే లోపం కనిపించదు. 2025 జనవరిలో, గ్రాఫిక్స్ కార్డును సులువుగా తీసేందుకు కొన్ని బోర్డుల్లో పెట్టిన కొత్త లాచ్ వల్ల కార్డు అంచున గీతలు పడుతున్నాయని వినియోగదారులు ఫొటోలు పెట్టారు. అంతకుముందు పరిచయాల్లో కొందరు ఆ లాచ్ బాగుందనే రాశారు.

కొనేచోటు గురించి కూడా చెప్పాలి. హైదరాబాద్, చుట్టుపక్కల జిల్లాల ఔత్సాహికులకు ఇప్పటికీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే పెద్ద దిక్కు. ఏఎండీ, ఇంటెల్ రెండింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలు ఉన్నా ఇలాంటి బోర్డులు మాత్రం చాలావరకు బయటి నుంచే వస్తాయి. డాలరు ధరకు రూపాయల్లో లెక్క కట్టుకుని వెళ్తే సరిపోదు. దానిమీద దిగుమతి ఖర్చు, 18 శాతం జీఎస్టీ ఉంటాయి. విదేశంలో ఉన్న బంధువుల చేత తెప్పించుకుంటే కొంత మిగలొచ్చు, కానీ ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీ సైటులో ముందే చూసుకోవాలి. ఏఎం5లోనూ ఇంటెల్ సాకెట్లలోనూ పిన్నులు ఉండేది ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకు. ఏఎం5లో అవి 1,718, వెంట్రుకంత సన్ననివి. వంగిన పిన్నుకు వారంటీ సాధారణంగా వర్తించదు. కాబట్టి దుకాణంలోనే పెట్టె విప్పించి, ప్లాస్టిక్ మూత తీసి సాకెట్‌ను వెలుతురులో చూసుకుని, ఫొటో తీసుకుని బయటికి రావాలి. ఆ మూతను పారేయకూడదు. సర్వీసుకు పంపేటప్పుడు అది లేకపోతే బోర్డు తీసుకోకపోవచ్చు.

ఇప్పుడున్న బోర్డుల మీద తీర్పు ఇది. ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు మూడు ఎస్ఎస్‌డీలు, ఆటలు, చదువు, ఆఫీసు పని, వీటికి మధ్యస్థ ఎక్స్870 బోర్డు సరిపోతుంది. యూఎస్‌బీ4 అక్కర్లేకపోతే ఏఎండీ చవక చిప్‌సెట్ బీ850 ఉన్న బోర్డుతో ఇంకా తక్కువలో పని అయిపోతుంది. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెడితే ఫలితం కంటికి కనిపిస్తుంది. నాలుగైదు ఎస్ఎస్‌డీలు, క్యాప్చర్ కార్డు, వేగవంతమైన నెట్‌వర్క్ అన్నీ కావలసినవారికి ఎక్స్870ఈలో మధ్య ధర బోర్డులు న్యాయమైనవి. వెయ్యి డాలర్లు దాటే ఎంఎస్ఐ గాడ్‌లైక్ వంటి బోర్డులు రికార్డుల కోసం ఆడేవారివి. మిగతావాళ్లు వాటికి దూరంగా ఉండటమే మంచిది. ఏ బోర్డు అయినా సరే, డబ్బు కట్టే ముందు దాని మాన్యువల్‌ను కంపెనీ సైటు నుంచి ఉచితంగా దించుకుని, లేన్ల పంపకం ఉన్న పట్టికను, ఆ కంపెనీ మూడేళ్ల కిందటి బోర్డుకు చివరిసారి బయోస్ ఎప్పుడిచ్చిందో చెప్పే పేజీని చదవండి. విడుదలై రెండు నెలలు కాని బోర్డు అయితే ఇంకో రెండు నెలలు ఆగండి.